నేల గుల్లబారితేనే నీరు నిలిచేది

వర్షాధార సేద్యంలో పంట చేతికి రావడం, ఎండిపోవడం అన్నవి వాన ఎంత కురిసిందన్న లెక్క మీద కంటే, కురిసిన దానిలో ఎంత నేలలోకి దిగింది, దిగిన తడి ఎన్నాళ్ల వరకు వేళ్లకు అందింది అన్న రెండు ప్రశ్నల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం ప్రాంతంలో, అదీ కొద్ది రోజుల్లో కుండపోతగా కురిసి ఆ తరువాత వారాల తరబడి బెట్ట పెట్టే చోట, వేరుశనగ రైతు బతుకు ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు తోలిన చేను బెట్టకు ఆగుతుందని, ఏళ్ల తరబడి యూరియా కట్టల మీదే నడిచిన చేను నాలుగు ఎండలకే తల వాలుస్తుందని పల్లెల్లో వినిపించే మాట నిజమే. కానీ అది ఎందుకు నిజమో చెప్పేటప్పుడు మాత్రం చాలామంది తప్పు దారి పడుతున్నారు. కంపోస్టు స్పాంజిలా నీటిని పీల్చి దాచుకుంటుందని, రసాయన ఎరువు నేలలోని తడిని తాగేస్తుందని చెప్పే వివరణ వినడానికి సులువుగా ఉన్నా కొలతల ముందు నిలబడదు. అసలు కారణం నేల పైపొరలో, వాన చినుకు వచ్చి తాకే తొలి అంగుళంలో ఉంది.

పదును, వాడు, వాటి మధ్య నీరు

ఇసుక, ఒండ్రు, బంక అనే మూడు పరిమాణాల రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కణికలుగా ఏర్పడినప్పుడు, ఆ కణికల నడుమ, వాటి లోపల మిగిలే ఖాళీలే నీటికీ గాలికీ చోటు. మంచి నేలలో దాదాపు సగం పరిమాణం ఈ ఖాళీలదే. పెద్ద సందుల్లోకి చేరిన నీరు ఒకటి రెండు రోజుల్లో తన బరువుకు తానే కిందికి జారిపోతుంది. ఆ జారడం ఆగిన తరువాత సన్నని సందుల్లో మిగిలే తడిని శాస్త్రవేత్తలు క్షేత్ర సామర్థ్యం అంటారు, రైతు ఇంచుమించు అదే స్థితిని పదును అంటాడు. మొక్కలు ఆ తడిని పీల్చుకుంటూ పోగా, రేణువులకు పలుచని పొరలా అంటుకుని ఏ వేరు లాగినా ఊడిరాని తడి మాత్రమే చివరికి మిగులుతుంది. ఆ స్థితికి శాశ్వత వాడు దశ అని పేరు, అక్కడికి చేరిన మొక్క సాయంత్రం చల్లబడినా మళ్లీ తేరుకోదు. ఈ రెండు స్థితుల మధ్య ఉన్న తడినే లభ్య జలం అంటారు. పంటకు పనికివచ్చే నీరు అదొక్కటే.

లభ్య జలం ఎంతన్నది మొదట నేల స్వభావం మీద, ఆ తరువాతే ఎరువు మీద ఆధారపడుతుంది. పటాన్‌చెరు పరిసరాల్లోని లోతైన నల్లరేగడి వేళ్లు దిగేంత లోతులో 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా లభ్య జలాన్ని పట్టుకోగలిగితే, ఆ పక్కనే ఉండే ఎర్రచలక అందులో సగాన్ని పట్టుకోవడమూ కష్టమే. అనంతపురం ఎర్రనేలల్లో ఇసుక పాలు ఎక్కువ, లోతు తక్కువ, కిందనే గరుసు తగులుతుంది. ఇలాంటి నేలకు గిడ్డంగి చిన్నది. కనుక దానిలోకి ప్రతి వాననూ పూర్తిగా చేర్చడం, చేరినదాన్ని వృథా కానీయకుండా చూడడం తప్ప రైతుకు వేరే దారి లేదు.

స్పాంజి లెక్క

కంపోస్టు నీటిని పట్టుకుంటుందన్న మాటలో అబద్ధం ఏమీ లేదు. పూర్తిగా కుళ్లి నల్లగా మారిన సేంద్రియ పదార్థం, అంటే హ్యూమస్, తన బరువుకు కొన్ని రెట్ల నీటిని పీల్చుకోగలదు. చిక్కంతా పరిమాణంలో ఉంది. ఒక ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. ఆ ఎకరానికి 4 టన్నుల పశువుల ఎరువు తోలితే, అందులో సగం వరకు నీరే ఉంటుంది. మిగిలిన 2 టన్నుల్లోనూ మన్ను, బూడిద వంటి ఖనిజ భాగం పోగా నికరంగా మిగిలే సేంద్రియ పదార్థం ఒక టన్నుకు అటూ ఇటూగా తేలుతుంది. అంటే 900 టన్నుల మట్టికి ఒక్క టన్ను. అందులోనూ పెద్ద భాగాన్ని ఉష్ణదేశపు వేడిలో సూక్ష్మజీవులు ఒకటి రెండేళ్లలోనే తినేసి బొగ్గుపులుసు వాయువుగా గాలిలోకి వదిలేస్తాయి.

మరి నేలలో సేంద్రియ కర్బనం, అంటే సేంద్రియ పదార్థంలో సగానికి కాస్త పైగా ఉండే కార్బన్, పెరిగినప్పుడు లభ్య జలం ఎంత పెరుగుతుంది? అమెరికాకు చెందిన బెర్మన్ హడ్సన్ 1994లో ప్రచురించిన వ్యాసం ప్రకారం సేంద్రియ పదార్థం అర శాతం నుంచి 3 శాతానికి పెరిగితే లభ్య జలం రెట్టింపు దాటుతుంది. ఈ లెక్కే ఆ తరువాత ఎన్నో కరపత్రాలకు ఆధారమైంది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన బుడిమాన్ మినాస్నీ, అలెక్స్ మెక్‌బ్రాట్నీ 2018లో ప్రపంచవ్యాప్తంగా 50,000కు పైగా కొలతలను కూర్చి చూసినప్పుడు చిత్రం అంత ఘనంగా కనిపించలేదు: సేంద్రియ కర్బనం ఒక శాతం పెరిగితే ప్రతి 100 మిల్లీమీటర్ల లోతు మట్టికి లభ్య జలం సగటున 1.16 మిల్లీమీటర్లే పెరుగుతోంది. ఇసుక నేలల్లో ఇంతకన్నా ఎక్కువ, బంక నేలల్లో దాదాపు ఏమీ లేదు. పై 15 సెంటీమీటర్లకు లెక్క వేస్తే ఇది 2 మిల్లీమీటర్లు కూడా కాదు, నిండుగా ఎదిగిన వేరుశనగ ఒక్క రోజులో 4 నుంచి 5 మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. పైగా భూసార పరీక్షల్లో అర శాతం లోపు సేంద్రియ కర్బనం ఉన్న నేలను తక్కువ తరగతిలో చేరుస్తారు. అలాంటి నేలలో దాన్ని మరో ఒక శాతం పెంచడమంటే ఉన్నదాన్ని మూడింతలు చేయడం, అది దశాబ్దాల పని.

ఈ లెక్క చూసి కంపోస్టు వల్ల నీటికి ఒరిగేదేమీ లేదని తేల్చేస్తే అది ఇంకా పెద్ద పొరపాటు. ప్రయోగశాలలో జల్లెడ పట్టిన మట్టిని తడిపి, ఆరబెట్టి తూచినప్పుడు తెలిసేది గిడ్డంగి పరిమాణమే. దానికి తలుపు ఉన్నదా, అది తెరుచుకుంటున్నదా అన్నది ఆ తూకంలో కనిపించదు.

వాన చినుకు తాకే చోట

అనంతపురం ఎర్రనేలల్లో తొలి వానకు ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే ఈ తలుపు మాట అర్థమవుతుంది. దున్ని వదిలిన బోడి నేల మీద పెద్ద చినుకు పడగానే, సరైన జిగురు లేని మట్టి కణిక చిట్లిపోతుంది. విడిపోయిన సన్నని రేణువులు నీటితో పాటు సందుల్లోకి జారి వాటిని పూడ్చేస్తాయి. వాన వెలిసి ఎండ కాసేసరికి పైపొర పలుచని అట్టలా గట్టిపడుతుంది. రైతులు నేల అట్టకట్టింది అనేది దీన్నే. మొలక పైకి రాలేక దాని కింద మెలికలు తిరుగుతుంది. తరువాతి వాన ఆ అట్ట మీద నుంచి ఎర్రగా పారి వాగులో కలుస్తుంది, వేలితో గీరితే అట్ట కింది మట్టి పొడిగానే ఉంటుంది. వేరుశనగకు దీని దెబ్బ రెండింతలు, ఎందుకంటే ఆ పంట పూత పైన పూసి కాయ నేలలో కాస్తుంది. పూత నుంచి కిందికి దిగే ఊడలు అట్టకట్టిన, ఎండిన పైపొరను పొడుచుకుని లోపలికి పోలేక గాలిలోనే ఎండిపోతాయి.

కంపోస్టు చేసే మేలు సరిగ్గా ఇక్కడ. దాన్ని ఆహారంగా తీసుకునే బాక్టీరియా బంకలాంటి చక్కెర పదార్థాలను వదులుతుంది, శిలీంధ్రాలు తమ దారాలతో రేణువులను అల్లుతాయి, వానపాములు మట్టిని మింగి గుళికలుగా విసర్జిస్తూ నిలువు బొరియలు తవ్వుతాయి. వీటన్నిటి ఫలితంగా నీటిలో నానినా విడిపోని కణికలు తయారవుతాయి, రైతు నోట గుల్లబారిన నేల అంటే అదే. దీన్ని పరీక్షించడానికి పరికరాలు కూడా అక్కర్లేదు. ఏళ్లుగా ఎరువు ఎరుగని చేనులో నుంచి ఒక ఎండు గడ్డను, గడ్డి మొలిచి దున్నకుండా వదిలేసిన గట్టు మీద నుంచి అదే మట్టి గడ్డ మరొకదాన్ని తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా దింపితే, మొదటిది బుడగలు వదులుతూ కొద్ది నిమిషాల్లో అడుగున బురదలా పరుచుకుంటుంది. రెండోది చాలాసేపటి వరకు తన ఆకారాన్ని పోగొట్టుకోదు, పైన నీరు కూడా తేటగానే ఉంటుంది. రెండు గడ్డల్లో ఇసుక, బంక పాళ్లు ఒకటే. వేళ్లూ కుళ్లిన గడ్డీ ఇచ్చిన జిగురు మాత్రమే తేడా.

ఈ తేడా నీటి లెక్కలో ఎంత అవుతుందో చూడవచ్చు. ఒక సాయంత్రం 40 మిల్లీమీటర్ల వాన కురిసి, అట్టకట్టిన చేనులో అందులో 30 శాతం పారిపోయిందనుకుంటే పోయినది 12 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి దాదాపు 48,000 లీటర్లు. నేల గుల్లగా ఉండి ఆ నీరు దిగి ఉంటే పంటకు మరో రెండు మూడు రోజుల తడి దక్కేది, అదీ ఒక్క వానకు. స్పాంజి లెక్కలో దశాబ్దాల తరువాత దక్కే 2 మిల్లీమీటర్లను దీని పక్కన పెడితే, కంపోస్టు విలువను కొలవాల్సింది ఎక్కడో తేటతెల్లమవుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో 1980 దశకం చివర నుంచి ఎర్రనేలల మీద సాగిన ప్రయోగాల్లో వరిగడ్డి పరిచిన మడుల నుంచి పారిపోయిన నీరు బోడి మడుల కంటే బాగా తగ్గింది. లోతుగా దున్నడం వల్ల వచ్చిన మేలు మాత్రం కొన్ని వానలకే అణిగిపోయింది. నాగలి తెరిచిన సందును వాన మూసేస్తుంది, చినుకు దెబ్బను గడ్డి పరుపు కాచుకుంటుంది, కణికను లోపలి నుంచి కంపోస్టు గట్టిపరుస్తుంది.

యూరియా కట్ట చేసేది, చేయనిది

రసాయన ఎరువు మీద మోపే నేరాల్లో కొన్ని న్యాయమైనవి, కొన్ని కావు. 45 కిలోల యూరియా కట్టలో 46 శాతం లెక్కన 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. పశువుల ఎరువులో నత్రజని అర శాతమే కనుక అంత పోషకం దాని నుంచి రావాలంటే 4 టన్నులు తోలాలి. ఆ కట్ట చేనులో పడిన కొద్ది రోజుల్లో కరిగి, మారి, మొక్కలోకో గాలిలోకో లోతు పొరల్లోకో వెళ్లిపోతుంది; అది నేలలోని సందులను పూడ్చదు, నేలలోని నీటిని తాగదు. అయితే విత్తనానికి మరీ దగ్గరగా ఎక్కువ మోతాదులో పడిన ఏ లవణమైనా చుట్టూ ఉన్న తడిని గాఢంగా మార్చి వేరు పీల్చుకోలేకుండా చేస్తుంది. తడి చాలని నేలలో మందు వేస్తే ఆకు మాడిందని రైతులు చెప్పేది దీని గురించే. తొలి వానలకు నత్రజని అతిగా వేస్తే ఆకు గుబురుగా పెరిగి ఉన్న కాస్త తడినీ ముందుగానే ఖర్చు పెట్టేస్తుంది, కాయ ఊరే వేళకు నేల ఖాళీగా ఉంటుంది.

దీర్ఘకాలంలో జరిగేది ఇంకొంత తీవ్రమైనది. అమ్మోనియం రూపంలోని నత్రజని నేలలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1970 దశకం తొలినాళ్లలో మొదలుపెట్టిన దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల్లో, స్వతహాగా పులుపు నేలలున్న పాలంపూర్, రాంచీ కేంద్రాల్లో నత్రజని ఒక్కటే వేస్తూ పోయిన మడులు చివరికి పంటకే పనికిరాని స్థితికి చేరాయి. అంత ఆమ్లంలో కరిగిన అల్యూమినియం వేరు కొసలను మాడ్చేస్తుంది, వేరు లోతుకు దిగనప్పుడు కింద తడి ఉండి కూడా మొక్కకు అందదు. అదే ప్రయోగాల్లో నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమపాళ్లలో వేసిన మడుల్లో పరిస్థితి వేరు: చాలా కేంద్రాల్లో సేంద్రియ కర్బనం ఏ ఎరువూ వేయని మడుల కంటే మెరుగ్గా ఉంది. పైరు బలంగా పెరిగితే వేళ్లు, మోళ్లు ఎక్కువగా నేలలో మిగలడమే దీనికి కారణం. ఆకలితో ఉన్న పైరు నేలకు తిరిగి ఇచ్చేది ఏమీ ఉండదు.

వేరుశనగ రైతులు పూత దశలో ఎకరానికి 200 కిలోల వరకు వేసే జిప్సం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అది గనిలో తవ్విన ఖనిజమే అయినా, దానిలోని కాల్షియం కాయ గట్టిపడటానికి తోడ్పడటంతో పాటు బంక రేణువులను గుంపు కట్టించి అట్టకట్టడాన్ని కొంత తగ్గిస్తుంది. రసాయనం అన్న పేరుతో అన్నిటినీ ఒకే గాటన కట్టేసే వాదన ఈ తేడాలను చూడదు.

అయినా ఒక నేరం మాత్రం మిగులుతుంది, అది కట్టది కాదు, దాన్ని వాడిన తీరుది. కట్ట చేతికి అందుబాటులోకి వచ్చాక నేలకు పోషకం అందితే చాలునన్న భావన బలపడింది. ఎడ్లు పోయి ట్రాక్టరు వచ్చింది, పశువుల కొట్టాలతో పాటు పెంటదిబ్బలూ తరిగిపోయాయి. పోషకం లోటును కట్ట పూడ్చింది, జిగురు లోటును పూడ్చేది ఏదీ రాలేదు.

లండన్‌కు ఉత్తరాన ఉన్న రోథమ్‌స్టెడ్ పొలం దీనికి అతి పాత సాక్షి. సూపర్ ఫాస్ఫేట్ తయారీకి 1842లో పేటెంట్ పొందిన జాన్ లాస్, రసాయన శాస్త్రవేత్త హెన్రీ గిల్బర్ట్‌తో కలిసి 1843లో అక్కడి బ్రాడ్‌బాక్ పొలంలో గోధుమ మీద మొదలుపెట్టిన ప్రయోగం నేటికీ నడుస్తోంది. ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేసిన మడి, రసాయన ఎరువులు వేసిన మంచి మడి దిగుబడిలో చాలాకాలం దాదాపు సమానంగా నిలిచాయి. కానీ మడుల కింద వేసిన మట్టి గొట్టాల్లో తేడా కనిపించింది: వాన తరువాత మిగతా మడుల గొట్టాలు పారుతున్నప్పుడు కూడా పశువుల ఎరువు మడి గొట్టం అరుదుగానే పారేది. అదే క్షేత్రంలోని హూస్‌ఫీల్డ్‌లో 1852 నుంచి 1871 వరకు పశువుల ఎరువు వేసి ఆపేసిన మడిలో, ఎన్నడూ వేయని మడి కంటే ఎక్కువ సేంద్రియ పదార్థం ఒక శతాబ్దం దాటినా మిగిలి ఉంది. చల్లని ఇంగ్లండులో అంతకాలం నిలిచినది రాయలసీమ ఎండలో నిలవదు. ఇక్కడ ఎరువు తోలడం ఏటా సాగవలసిన పని.

రేకులకుంట మడులు

ఆ ఎండలోనే జరిగిన ప్రయోగం ఒకటి తెలుగు నేలకు మరింత దగ్గరి సాక్ష్యం ఇస్తుంది. అనంతపురం దగ్గరి రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1985లో వర్షాధార వేరుశనగ మీద దీర్ఘకాలిక ప్రయోగం మొదలైంది. ఒక మడికి ఏమీ వేయలేదు. ఒకదానికి హెక్టారుకు 20 కిలోల నత్రజని, 40 కిలోల భాస్వరం, 40 కిలోల పొటాష్ చొప్పున సిఫారసు చేసిన రసాయన ఎరువు పూర్తిగా వేశారు. ఒకదానికి అందులో సగంతో పాటు 4 టన్నుల వేరుశనగ కాయ పొట్టు, మరొకదానికి ఆ సగంతో పాటు 4 టన్నుల పశువుల ఎరువు, ఇంకొకదానికి కేవలం 5 టన్నుల పశువుల ఎరువు వేశారు. ఇరవై ఏళ్ల ఫలితాలను హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు విశ్లేషించినప్పుడు దిగుబడిలో ముందు నిలిచింది సగం రసాయన ఎరువు, కాయ పొట్టు కలిపి వేసిన మడి. పూర్తి మోతాదు రసాయనం ఒంటరిగా గానీ, పశువుల ఎరువు ఒంటరిగా గానీ దానిని అందుకోలేకపోయాయి. సేంద్రియ పదార్థం చేరిన మడుల్లో కర్బనం నిలిచింది, ఏమీ అందని మడిలో తరిగిపోయింది.

కుళ్లడానికి తేలిక కాని, పీచు ఎక్కువగా ఉన్న కాయ పొట్టు మాగిన పశువుల ఎరువుతో పోటీకి నిలవడం ఆలోచించదగిన విషయం. పొట్టు నెమ్మదిగా కుళ్లుతుంది, కనుక ఎక్కువ కాలం నేలలో ఉండి కణికలను కూర్చే జీవులకు మేత అందిస్తుంది; కొంత భాగం పైననే ఉండి చినుకు దెబ్బను కూడా కాస్తుంది. కుళ్లే క్రమంలో దానికి కావలసిన నత్రజనిని సగం మోతాదు రసాయన ఎరువు సమకూరుస్తుంది, లేకుంటే ఆ జీవులు పైరు నోటి దగ్గరి నత్రజనిని లాక్కునేవి. ఇలా చూస్తే రేకులకుంటలో కట్ట, ఎరువు ఒకదాని పని మరొకటి చేయడానికి పోటీపడలేదు: ఒకటి పైరుకు తిండి పెట్టింది, మరొకటి వానకు దారి ఇచ్చింది.

పదమూడు హెక్టార్ల పొట్టు

ఈ ఫలితాన్ని పొలాల్లోకి తెచ్చేటప్పుడు ఎదురయ్యే లెక్క కఠినమైనది. వేరుశనగ కాయ బరువులో పొట్టు సుమారు 30 శాతం. హెక్టారుకు ఒక టన్ను కాయలు పండినా, అనంతపురంలో అది మంచి ఏడాదే, 300 కిలోల పొట్టు వస్తుంది. ఒక హెక్టారుకు కావలసిన 4 టన్నుల పొట్టు పదమూడు హెక్టార్ల పంట నుంచి రావాలి. ఆ వచ్చేది కూడా చేనుకు తిరిగి రావడం లేదు. కాయలు మిల్లుకు వెళ్లి, పొట్టు బాయిలర్లలో కట్టెలకు బదులు మండుతోంది. పైరు కట్టె పశువుల మేతకు పోతుంది, దానిని కాదనలేము.

కనుక సేంద్రియ పదార్థం కోసం ఒక్క దిబ్బనే నమ్ముకోవడం కుదరదు. ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ 1931లో ప్రకటించిన కంపోస్టు పద్ధతికి కుప్పను పలుమార్లు తిరగేయాలి, తడపాలి. నీళ్లకు కరువున్న చోట అంతకన్నా, 1939లో సి.ఎన్. ఆచార్య బెంగళూరులో రూపొందించిన గుంత పద్ధతి నయం, పొరలు పేర్చి పైన మట్టి మెత్తి వదిలేస్తే తడి ఆవిరి కాకుండా లోపలే మాగుతుంది. పచ్చి పెంటను అలాగే చేనుకు తోలితే ఎర్రనేలల్లో చెదలు ముసురుతాయి కాబట్టి మాగబెట్టడం తప్పనిసరి. వేసవిలో గొర్రెల మంద కట్టించడం రాయలసీమలోనూ పాలమూరులోనూ పాత అలవాటు. పెంట, మూత్రం రవాణా ఖర్చు లేకుండా నేరుగా చేనులోనే పడే ఏర్పాటు అది. చెరువు పూడిక మట్టిది వేరే దారి: అది ఇసుక నేలకు బంకనే అందిస్తుంది, అంటే తలుపు తీయడంతో ఆగక గిడ్డంగినే పెద్దది చేస్తుంది, తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల నుంచి తీసిన పూడికను రైతులు ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నది ఈ గుణం తెలిసే.

వీటన్నిటిలో అతి తక్కువగా పట్టించుకున్నది పొలం గట్టు. గట్ల మీద గిరిపుష్పం, అంటే గ్లైరిసీడియా, కొమ్మలు నాటితే మూడో ఏటి నుంచి ఏటా రెండు మూడు సార్లు రెమ్మలు కోసి చేనులో పరచవచ్చు. హెక్టారు చుట్టూ, లోపలి గట్ల మీదా ఒత్తుగా పెంచిన చెట్ల నుంచి ఏడాదికి సుమారు 30 కిలోల నత్రజనికి సరిపడే ఆకు వస్తుందని ఇక్రిశాట్ అనుభవం. వేరుశనగకు సిఫారసు చేసిన నత్రజని 20 కిలోలే. మేకలు ఆ ఆకును అంతగా ముట్టవు, కంచె అక్కర్లేదు, విత్తనం గానీ మొక్క గానీ కొనే పని లేదు, పక్క ఊరి గట్టు మీది కొమ్మ నరికి తొలకరికి ముందు గుచ్చితే చాలు. ఆ రెమ్మ పరిచిన సాళ్లలో వాన తరువాత అట్ట కనిపించదు, ఊడలు నేలలోకి దిగే నలభయ్యో రోజున ఆకు పొరను తొలగించి వేలు పెడితే మట్టి ఇంకా చల్లగా తగులుతుంది.